మండ్రగబ్బ గోడెక్కదు

1993 ఏప్రిల్‌లో నన్ను దోమల పని నుంచి తప్పించి తేళ్ల పనిలో వేశారు. భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్పు ప్రజారోగ్య విభాగంలో అప్పటికి నేను సీనియర్ బయాలజిస్టుని. హోదా పేరు వినడానికి ఘనంగానే ఉంటుంది. పైన హెల్త్ ఆఫీసరుగారు, కింద సాహూ అనే ఇన్‌సెక్ట్ కలెక్టరు, మధ్యలో నేనూ ఒక మైక్రోస్కోపూ. ఇన్‌సెక్ట్ కలెక్టరంటే కాలవల్లో గరిటె ముంచి దోమపిల్లల్ని సీసాలోకి ఎత్తే ఉద్యోగి. అతను తెచ్చినవి ఏ జాతివో చూసి, ఏ సెక్టారులో మందు కొట్టాలో చెప్పడం నా పని. విజయనగరం నుంచి జువాలజీ పట్టా పట్టుకుని వచ్చినదాన్ని. తెలుగువాళ్లు నన్ను పురుగులమ్మ అనేవారు, హిందీవాళ్లు కీడేవాలీ మేడమ్ అనేవారు. రెండూ నా ఎదురుగానే అనేవారు, నేనూ పలికేదాన్ని.

ముందే చెప్పేస్తాను, నాకు తేలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు కట్టెల గదిలో మా మేనత్తని తేలు కుట్టినప్పుడు ఆవిడ పెట్టిన కేకలు ఇప్పటికీ చెవిలోంచి పోలేదు. జువాలజీ చదివినవాళ్లకి భయం ఉండదనుకోవడం, డాక్టర్లకి జ్వరం రాదనుకోవడం లాంటిదే. పైగా తేలు పురుగు కూడా కాదు. పురుగుకి ఆరు కాళ్లు. తేలుకి ఎనిమిది, అది సాలీడుకి చుట్టం. ఈ మాటే హెల్త్ ఆఫీసరుగారితో అన్నాను, నాది ఆరు కాళ్ల సబ్జెక్టండీ అని. ఎనిమిది కాళ్లవాటికి వేరే పోస్టు శాంక్షన్ కాలేదమ్మా, మీరే చూడాలి అన్నాడాయన.

సంగతేమిటంటే, అంతకు కొద్దిరోజుల ముందు క్యాంప్ 1 బస్తీలో ఒక తాపీమేస్త్రిని తేలు కుట్టింది. నొప్పి పెద్దగా లేదన్నాడట. మంత్రం వేయించుకున్నాడు, టీ తాగాడు, పడుకున్నాడు. తెల్లారేసరికి నోటి వెంట గులాబీరంగు నురగ వచ్చి ప్రాణం పోయింది. తేలుకి మనిషి చస్తాడా, పామే అన్నారు ఇంట్లోవాళ్లు. ఆసుపత్రి డాక్టర్లు మాత్రం తేలే అన్నారు. ఏ తేలు, అది ఊళ్లో ఎక్కడెక్కడ ఉంది, ఇవి రెండూ తేల్చి చెప్పమని మా విభాగానికి రాశారు.

తేలుని గుర్తుపట్టడానికి మా శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. మెట్టుమెట్టుకీ రెండేసి లక్షణాలు ఇస్తారు, ఇదా అదా అని తేల్చుకుంటూ కిందికి దిగాలి. కాళ్ల మధ్య రొమ్ముపలక అయిదు మూలలుగా ఉంటే మండ్రగబ్బ వైపు, ముక్కోణంగా ఉంటే ఎర్రతేలు వైపు. ఇదంతా భూతద్దం కింద చూసే వ్యవహారం. మామూలు మనిషికి ఇంకో గుర్తు చాలు. మండ్రగబ్బ నల్లగా అరచేయంత ఉంటుంది, చేతులు ఎండ్రకాయ డెక్కల్లా లావు, తోక సన్నం. ఎర్రతేలు చిటికెనవేలంత కూడా ఉండదు, చేతులు పుల్లల్లా ఉంటాయి, తోక మాత్రం లావు. చేతుల్లో సత్తా ఉన్నదానికి విషంతో అంత పనిలేదు. చేతుల్లో సత్తా లేనిది తోక మీదే బతకాలి. మనుషుల్ని చంపేది ఆ రెండోదే.

మనవాళ్ల బుర్రల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్లాంటు పనికి వచ్చిన కుటుంబాలు మండ్రగబ్బ భయాన్ని కూడా పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాయి. అన్నం తినని పిల్లలకి చెప్పేది మండ్రగబ్బ పేరే. ఎర్రది కనిపిస్తే మాత్రం, పిల్లతేలులే, చీపురుతో తోసెయ్ అంటారు. ఇక తేళ్లు కనిపిస్తే తెచ్చివ్వండని చాటింపు వేయించానా, జనం తెచ్చినవి చూడాలి! తోక స్థానంలో కొరడాలాంటి పోగు ఉండి, ముట్టుకుంటే వెనిగర్ వాసన చిమ్మే నల్లది ఒకటి. గుర్రంలా పరుగెత్తే రాగిరంగు బొచ్చుది ఒకటి. తేలు చేతులుండి తోకలేని, బియ్యపు నూకంత జీవి ఒకటి. దాన్ని పట్టుకొచ్చినాయన దూది మధ్య పెట్టి, రెండు చేతులతో దూరంగా పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. పాపం ఈ మూడింటిలో దేనికీ మనిషికి హాని చేసే విషం లేదు. ఊరు ఊరంతా వణికేది వీటిని చూసే.

నేలా నివాసమూ కూడా చూశాను. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో ఎర్రతేలు ఒక్కటీ దొరకలేదు. క్యాంప్ 1లో కొన్ని గల్లీల్లో దొరికింది, పక్క గల్లీల్లో లేదు. ఎందుకో మొదట అంతుపట్టలేదు. క్యాంప్ 1 ప్లాంటు కట్టేటప్పటి కూలీల బస్తీ, ఇళ్లు చిన్నవి, గల్లీలు పల్లం. వానలు పడేలోగా గల్లీవాళ్లంతా కలిసి పక్కనున్న కుమ్హారి ఊరి వైపు గుంటల నుంచి లారీ మురుం తెప్పించుకుంటారు. మురుమంటే ఎర్రటి గులకమట్టి. ఎవరి గుమ్మం ముందు వాళ్లు పరిచి, ఇంట్లోకి నీళ్లు రాకుండా ఎత్తు చేసుకుంటారు. మ్యాపు మీద గుండుసూదులు గుచ్చి చూస్తే, కొత్త మురుం పడిన గల్లీల్లోనే ఎర్రతేలు ఉంది. కుమ్హారి గుంటల్లో రాళ్ల సందున బతికేదాన్ని లారీ ఎక్కించి మరీ ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నేను చెప్పులు దులపకుండా తొడుక్కోలేదు, ఇప్పటికీ తొడుక్కోను.

పట్టుకునే పనికి ఒక దీపం కూడా సంపాదించాను. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పడితే తేలు ఒళ్లు పచ్చగా మెరుస్తుంది. ప్లాంటులో క్రేను కొక్కేలకి సన్నటి పగుళ్లున్నాయేమో వెతికేది అలాంటి దీపంతోనే; మెరిసే పొడి పూసి చీకట్లో దీపం వేస్తే పగులు గీతలా వెలుగుతుంది. ఇన్‌స్పెక్షన్ విభాగంవాళ్లని బతిమాలి ఒక పాతది అరువు తెచ్చాను. తేళ్లకేంటి, దీపమేంటి అని నవ్వుతూనే ఇచ్చారు.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం. బయట వడగాలి, లోపల వట్టివేళ్ల తడికెల మీద సాహూ నీళ్లు చల్లుతున్నాడు. అప్పుడు నూకరత్నం వచ్చింది. క్యాంప్ 1 మనిషి, పాతికేళ్లుంటాయేమో, ఒక మాటకి పది మాటలు చెప్పే రకం. మొదట్నుంచీ నా చాటింపుని సీరియస్‌గా తీసుకున్నవాళ్లలో ముందుండేది ఆవిడే. చేతిలో ఆవకాయ సీసా, సీసాలో నల్లటి మండ్రగబ్బ, ముఖంలో పులిని కొట్టినంత సంబరం.

"మేడమ్మగోరూ, మా ఇంటాయన్ని కుట్టీసిన దొంగముండ ఇదేనండి. నానే సంపీసినాను. ఒక్క దెబ్బకి!" అంది.

సీసాలోకి చూడగానే హమ్మయ్య అనుకున్నాను. లావు చేతులు, సన్నటి తోక. ఇంక భూతద్దం కూడా అక్కర్లేదు. దీనివల్ల ప్రాణభయం లేదమ్మా, మంట నాలుగు గంటలుండి పోతుంది అని చెప్పడానికి నోరు తెరిచాను. కాని మా పనిలో ఒక క్రమం ఉంది. ప్రతి నమూనాకీ ఒక చీటీ రాయాలి. ఎక్కడ దొరికింది, నేల మీదా గోడ మీదా, ఎంత ఎత్తున, ఎప్పుడు, ఎవరు పట్టారు, ఇవన్నీ ముందు. జాతి పేరు చిట్టచివర. ఆ క్రమం తప్పితే మా పాత ప్రొఫెసరుగారు చీటీ చింపేసేవారు. ఆ అలవాటుకొద్దీ పెన్సిలు తీసి, ఎక్కడ దొరికింది అని అడిగాను.

"వాకిట్లో, నీళ్ల డ్రమ్ము కిందండి."

ఆయన్ని అక్కడే కుట్టిందా అన్నాను.

"డ్రమ్ముకాడ ఆయనకేటి పని? ఇంట్లోనండి. బీ షిఫ్టుకి ఎల్దామని మేకునున్న యూనిఫాం సొక్కా తీసి తొడుక్కున్నాడు. మెడకాడ సురుక్కుమంది. సొక్కా ఇప్పి దులిపితే ఏటీ అవుపడ్నేదు. ఇల్లంతా ఎతికినాం. ఆకరికి బైటికొచ్చి డ్రమ్ము ఎత్తితే, ఇదిగో, దాక్కుని ఉన్నాది. కుట్టీసి పారిపోనాదండి!"

మేకు ఎంత ఎత్తున ఉందని అడిగాను. ఆవిడ నిలబడి, తన తల మీదికి చెయ్యెత్తి చూపించింది.

నా పెన్సిలు అక్కడే ఆగిపోయింది. మండ్రగబ్బ గోడెక్కదు. ఆ బరువుతో సున్నం వేసిన గోడ మీద రెండు జానలు కూడా పోలేదు. తడినేలలో బొరియ తవ్వుకుని, దాని నోటి దగ్గర కూర్చుని బతికే జీవి అది. గోడలెక్కేది, బట్టల మడతల్లో దూరేది, చూరులో ఉండేది ఎర్రతేలు. నూకరత్నం కొట్టి చంపింది, పాపం, తన బొరియలో తానున్న ఒక అమాయకురాలిని. కుట్టిన దాన్ని ఎవరూ చూడలేదు.

మీ గల్లీలో మురుం పోశారా అన్నాను.

"మొన్న ఆదివారమే కదండి. మా గుమ్మానికి రెండు తట్టలు ఎక్కువేయించుకున్నాను," అంది గర్వంగా.

నొప్పి ఎలా ఉందన్నాను.

"నొప్పేటండి! పక్కింటి సన్నాసి మావ మంత్రమేసినాడు. సిటికెలో దిగిపోనాది. అసలు కుట్టినట్టే లేదన్నాడు."

ఎర్రతేలు విషయంలో కేకలు పెట్టించే నొప్పి ఉందంటే చాలావరకు మంచిదే, విషం కుట్టినచోటే ఉండిపోయిందని ధైర్యం. నొప్పి లేదంటే భయపడాలి, అది లోపలికి పోయి గుండె మీద పని మొదలుపెట్టి ఉండొచ్చు. మేస్త్రి కూడా నొప్పి లేదనే కదా టీ తాగి పడుకున్నాడు!

ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడమ్మా అన్నాను.

"డ్యూటీకి ఎల్లిపోనాడండి. క్రేనాపరేటరు కదా. ఆప్సెంటు పెడితే గొడవ."

నూకరత్నం భర్త పైడిరాజు పనిచేసేది ప్లాంటులో ఉక్కు కరిగించే షెడ్డులో; దాన్ని షాపంటారు. అక్కడ క్రేనంటే రోడ్డు మీద కనిపించే బండి కాదు. షాపు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టాల మీద నడిచే వంతెన. దానికి వేలాడే కేబిన్‌లో ఆపరేటరు ఒక్కడే ఉంటాడు. కింద కొక్కేనికి లేడిల్ ఉంటుంది, అంటే కరిగిన ఉక్కు నింపిన బానపొట్ట పాత్ర, ఒక గదంత. అది మనుషుల తలల మీదుగా వెళుతుంది. కింద నిలబడిన సిగ్నల్‌మన్ చేతి సైగ చూసి, పైవాడు లివర్లు కదపాలి. ఆ చెయ్యి ఒక్కసారి తడబడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. గుండె గతి తప్పబోతున్న మనిషి ఆ లివర్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. సాహూని హాస్పిటల్ అంబులెన్సుకి కబురు పెట్టమని పక్కగదికి పంపి, నేను షాపుకి ఫోను తిప్పాను. రెండుసార్లు తప్పు నంబరు తిప్పాను.

షిఫ్టు మేనేజరు మూర్తిగారు నాకు ముఖపరిచయం ఉన్నాయనే. విషయం చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

"తేలు కుట్టిందని అతనే చెప్పాడండి, తగ్గిపోయిందని కూడా చెప్పాడు. ఇప్పుడు లేడిల్ గాల్లో ఉంది మేడమ్. మధ్యలో దింపమంటే ఎలా కుదురుతుంది?"

ఉన్నచోటే ఆపించండి, ఇంకో ఆపరేటర్ని పైకి పంపండి అన్నాను. ప్రజారోగ్య విభాగం మాట షాపులో చెల్లదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. షాపులో క్రేను ఆపమనే అధికారం ఆ షాపు అధికారికే. దోమలమందు ఆవిడ ఫోను చేసి పోత ఆపించిందంటే రేపు ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఆయన సిగ్నల్‌మన్‌తో సైగ చేయించాడు. మళ్లీ ఫోనులోకి వచ్చి, "అడిగించానండి. బొటనవేలు ఎత్తి చూపించాడు. బాగానే ఉన్నాడు," అన్నాడు.

చెమట పట్టి ఉందా చూడమనండి అన్నాను.

"చెమటా? ఇక్కడ చెమట పట్టనివాడెవడున్నాడు మేడమ్!"

ఎర్రతేలు విషం ఎక్కిన మనిషికి ముందుగా కనిపించే గుర్తు చెమటే. ఒళ్లంతా స్నానం చేసినట్టు కారిపోతుంది. భిలాయి అంతటిలో ఆ గుర్తు ఎవరి కంటా పడని చోటు ఏదైనా ఉందంటే అది ఆ కేబినే. మరి ఏం అడగాలి? వాంతి? పైనున్నవాడు చెప్పడు. ఆయాసం? కింద ఉన్నవాడికి కనపడదు. అప్పుడు తట్టింది నాకు.

"మూర్తిగారూ, అంత వేడిలో మనిషి చేతులెలా ఉంటాయి?"

"కాలిపోతూ ఉంటాయి."

"ఎవరినైనా నీళ్ల కూజా ఇచ్చినట్టు పైకి పంపండి. అతని చెయ్యి పట్టుకుని చూడమనండి. వెచ్చగా ఉంటే నన్ను నాలుగు తిట్టండి, పడతాను. చల్లగా ఉంటే ఇంక నన్ను అడక్కండి, దించెయ్యండి."

ఆయన ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. హిందీలో ఎవరినో పిలిచాడు, నిలబడ్డావేం, పైకి పో అని కేకేశాడు. తరవాత షాపు హోరు మాత్రమే. మధ్యమధ్యలో క్రేను గంట. ఆ గంట మోగినప్పుడల్లా అది కదులుతోందని అర్థం. నా లెక్క తప్పైతే నా ఉద్యోగానికి ముప్పు. నిజమైతే ఆ లేడిల్ కింద తిరుగుతున్నవాళ్లకి ముప్పు. తప్పే కావాలి దేవుడా అని మొక్కుకున్నాను. నా ఉద్యోగంలో నా నిర్ధారణ తప్పవ్వాలని మొక్కుకున్నది ఆ ఒక్కసారే.

అప్పటిదాకా నూకరత్నం నా ఎదురుగా స్టూలు మీద కూర్చునే ఉంది. ఆవిడ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"ఏటమ్మా? ఏటైంది? మంత్రం పన్జేసింది కదేటి?"

దాచి లాభం లేదని చెప్పేశాను. కుట్టింది ఇది కాదు, వేరే అయివుంటుంది, చిన్నది, ఎర్రది, దాని విషం వేరు అని. ఆవిడ ఏడవలేదు. ఆవకాయ సీసాని రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూసింది.

"మరి ఇదేటి సేసింది?"

ఇదేమీ చెయ్యలేదమ్మా అన్నాను.

తరవాత నెమ్మదిగా తలెత్తింది. "మరి కుట్టీసిందేదీ?" అంది. అలా అంటూనే స్టూలు మీంచి లేచిపోయింది. "ఓలమ్మో! గుంటడు! ఆ మేకు కిందే సాప మీద తొంగోబెట్టి వచ్చీసినాను. సంపీసినాం కదా, ఇంక బయం నేదని!"

సరిగ్గా అప్పుడే ఫోనులో మూర్తిగారి గొంతు వినిపించింది. ఇందాకటి గొంతు కాదు. "మేడమ్, చెయ్యి ఐసుగడ్డలా ఉందట. పైకెళ్లినవాడూ ఆపరేటరే, లివర్లు తీసుకున్నాడు. లేడిల్ స్టాండు మీద పెట్టాక ఇతన్ని దించుతాం. కేబిన్‌లో వాంతి చేసుకున్నాడు," అన్నాడు.

అంబులెన్సు అక్కడికే వస్తోందని చెప్పి ఫోను పెట్టేశాను. నూకరత్నం గది మధ్యలో నిలబడి ఒకసారి తలుపు వైపు, ఒకసారి నా వైపు చూస్తోంది. మొగుడి దగ్గరికి పోవాలా, కొడుకు దగ్గరికి పోవాలా? అలాంటి పరీక్ష ఏ తల్లికీ పెట్టకూడదు. నువ్వు హాస్పిటల్‌కి పద, ఇంటికి నేను వెళతాను అన్నాను. నోట్లోంచి మాట వచ్చాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు.

మా విభాగం జీపులో దీపం, పొడుగు పటకారు, సీసాలు వేసుకుని సాహూతో బయల్దేరాను. నూకరత్నం ఇంటి వాకిట్లో ముసలావిడ, పైడిరాజు తల్లి, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. కొడుకు సంగతి అప్పటికి చెప్పలేదు. లోపల తేలుందని మాత్రం చెప్పాను.

"మా కోడలు సంపీసింది కదేటి?" అంది. నేను గుమ్మంలోనే నిలబడిపోవడం చూసి పకపకా నవ్వింది. "పురుగులమ్మకి పురుగంటే బయమేటమ్మా!"

అవునమ్మా, భయమే అన్నాను. ఒక్కటే గది. గుమ్మం ముందు ఎత్తుగా ఎర్రటి మురుం, లోపల ఎదురుగోడకి మేకు, మేకుకి ఒక క్యాలెండరు, ఒక తువ్వాలు, ఒక పాత ప్యాంటు. దాని కింద చాప మీద ఏడాది కూడా నిండని బాబు, చేతులు రెండూ తలకిరువైపులా పడేసి నిద్రపోతున్నాడు. గుమ్మం నుంచి చాప దాకా నాలుగడుగులుంటుందేమో, అంత దూరం నేనెప్పుడూ నడవలేదు. పై నుంచి ఏదైనా పడుతుందేమోనని తల వంచుకుని వెళ్లాను. బాబుని ఎత్తి, లాగూ దులిపి, ఒళ్లంతా తడిమి చూసి, బయటికి తెచ్చి నాయనమ్మ ఒళ్లో పెట్టాను. వాడు లేచి నన్ను చూసి ఏడ్చాడు. వెచ్చటి చేతులు.

కిటికీకి దుప్పటి కట్టి, తలుపు మూసి, దీపం ప్లగ్గులో పెట్టాము. మధ్యాహ్నం అయినా లోపల చీకటే. దీపం గోడకి తిప్పాను. మొదట ఏమీ లేదు. తువ్వాలు తెల్లగా మెరిసింది, అంతే. పటకారుతో సాహూ క్యాలెండరు అంచు పైకెత్తాడు. దాని వెనక పచ్చటి వెలుగు, తోక కొన వంకీతో సహా. ముక్కోణపు రొమ్ముపలక చూడక్కర్లేదు, ఆ సన్నటి చేతులే చాలు. సాహూ దాన్ని పట్టి స్పిరిట్ సీసాలో వేశాడు. అయిపోయింది మేడమ్, పోదాం పదండి అన్నాడు హిందీలో.

నేనూ అదే అనుకుని తలుపు వైపు తిరిగాను. చేతిలో దీపం కూడా నాతోపాటు తిరిగింది. గుమ్మం పైకమ్మి మీద ఒక పచ్చటి వెలుగు. బాబుని ఎత్తుకుని నేను తల వంచి దాటి వచ్చిన గుమ్మమే అది. దీపం ఇంకా పైకి ఎత్తితే చూరు వాసాల మధ్య ఇంకోటి. మూల గూట్లో డబ్బాల వెనక ఇంకోటి. ఒక తేలు కోసం వచ్చినదాన్ని, చుట్టూ తేళ్ల మధ్య, మూసిన తలుపు వెనక నిలబడి ఉన్నాను. సాహూ చిన్నగా రామ్ రామ్ అన్నాడు. తరవాత ఇద్దరం తలుపు తీసుకుని బయటికి వచ్చి, మురుం మీద కాదు, సిమెంటు కాలవ గట్టు మీద కూర్చున్నాం. కాస్త నీళ్లు తాగి మళ్లీ లోపలికి వెళ్లాం. వెళ్లక తప్పదు కదా.

పైడిరాజు బతికాడు. ఆసుపత్రిలో రక్తపోటుకి వాడే ఒక మాత్ర ఇచ్చారు. అప్పటికి ఎర్రతేలు కాటుకి ఆ మందు మేలని డాక్టర్లకి తెలిసింది. అయినా మర్నాటి దాకా ఊపిరి తీసుకోవడానికి నానా అవస్థా పడ్డాడు. మూడోనాడు గంజి తాగాడు. బొటనవేలు ఎందుకెత్తావయ్యా అని తరవాత అడిగాను. అప్పటికే తనకి లేడిల్ రెండుగా కనపడుతోందట. "గాల్లో ఉన్నాది కదమ్మా. దాన్ని దించీవరకు ఏటి సెప్తాను? ఏలెత్తీడానికైతే ఓపికున్నాది," అన్నాడు.

వానలకి ముందు క్యాంప్ 1లో మురుం పద్ధతి కొంచెం మార్పించాము. లారీ దింపిన మట్టిని గుమ్మం దగ్గర కాకుండా బయలులో పలచగా పరిచి, రెండు రోజులు ఎండబెట్టి తిరగేశాకే ఇళ్ల ముందుకి తేవాలన్నాం. సగం మంది విన్నారు. సన్నాసి మావ మంత్రం మానలేదు. కాని నొప్పి దిగిందనిపించాక, చెయ్యి పట్టుకుని చూసి చల్లగా ఉంటే తనే రిక్షా పిలిచేవాడు. ఆ మాత్రం మేలు నాకు చాలు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. తెలియనిదానికి తప్పు పేరు పెట్టడం కంటే పేరు పెట్టకపోవడం మేలు. పేరు లేకపోతే మనిషి ఇంకా వెతుకుతాడు. దొరికింది ఇదే అనుకోగానే చీపురు పక్కన పెట్టి, పిల్లాడిని చాప మీద పడుకోబెడతాడు. ఎక్కడ, ఎంత ఎత్తున, ఎవరు చూశారు అని అడిగాకే ఏది అని చెప్పాలి. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్లందరికీ ఈ క్రమమే నేర్పాను, తప్పినవాళ్ల చీటీలు చింపేశాను కూడా.

నూకరత్నం తెచ్చిన మండ్రగబ్బని స్పిరిట్‌లో వేసి నమూనాల అలమరాలో పెట్టాను. నేను రిటైరైన రోజుకి అది అక్కడే ఉంది. చీటీ మీద స్థలం: క్యాంప్ 1, నీళ్ల డ్రమ్ము కింద, తడినేల. పట్టినవారు: నూకరత్నం. జాతి పేరు దాని కింద. చివర్న విశేషాలు రాసే చోట, మా శాస్త్రంలో ఎవరూ రాయని ఒక మాట రాశాను: ఎవరినీ కుట్టలేదు.